మీకు తెలుసా? చైనా రచయితల తలరాత రాసిన చౌ యాంగ్

నవల బాగుందో లేదో పాఠకుడు చెబుతాడు. కానీ ఆ నవల పాఠకుడి చేతికి అందాలా వద్దా అన్నది ఓ ఆఫీసు గదిలో తేలిన రోజులున్నాయి. చైనాలో 1949 నుంచి 1966 దాకా అలాంటి గదిలో కూర్చున్న మనిషి చౌ యాంగ్. కమ్యూనిస్టు పార్టీ తరఫున సాహిత్య వ్యవహారాలు చూసిన అధికారి. మావో మనకు తెలుసు, లూ షున్ కథలూ తెలుసు. వాళ్లిద్దరి మధ్య నిలబడిన ఈయన గురించి మాత్రం మనం మాట్లాడుకున్నది తక్కువ. ఎందరినో బోనులో నిలబెట్టి, తర్వాత తానే బోనెక్కి, చివరికి నిండు సభలో తప్పు ఒప్పుకున్న మనిషి కథ ఇది.

1. చౌ యాంగ్ ఆయన అసలు పేరు కాదు

1908లో హునాన్ రాష్ట్రం యీయాంగ్‌లో పుట్టినప్పుడు పెట్టిన పేరు చౌ యున్‌యీ. చౌ చీయింగ్ అన్న పేరుతోనూ రాశారు. మావోది కూడా హునాన్ రాష్ట్రమే. షాంఘైలో చియాంగ్ కై షేక్ కమ్యూనిస్టులను ఊచకోత కోసిన 1927లోనే ఈయన పార్టీలో చేరారు. మరుసటి ఏడాది షాంఘైలోని తాషియా విశ్వవిద్యాలయంలో చదువు ముగించుకుని జపాన్ వెళ్లారు.

ఇదే ఊరి నుంచి, ఇదే వంశం నుంచి వచ్చిన మరో రచయిత చౌ లీబో. ఆయన కలం పేరులోని 'లీబో' చైనా మాట కాదు. స్వేచ్ఛ అనే అర్థమున్న 'లిబర్టీ' అన్న ఇంగ్లిషు మాటలోంచి తీసుకున్నది. ఒకే ఊళ్లో, ఒకే కాలంలో పెరిగిన ఇద్దరిలో ఒకరు స్వేచ్ఛను పేరుగా పెట్టుకున్నారు. మరొకరి చేతికి దాని హద్దులు గీసే పని వచ్చింది.

2. చైనా పాఠకులకు 'అన్నా కరేనినా'ను ఇచ్చినవాళ్లలో ఈయనా ఒకరు

టాల్‌స్టాయ్ నవలలో మొదటి సగాన్ని ఇంగ్లిషు నుంచి చైనీస్‌లోకి తెచ్చింది చౌ యాంగే. మిగతా సగం వేరొకరు పూర్తి చేశారు. ఏళ్ల తరబడి ఆ అనువాదం జనం చేతుల్లో నలిగింది. రష్యన్ విమర్శకుడు చెర్నిషెవ్‌స్కీ సౌందర్యశాస్త్ర గ్రంథాన్ని కూడా ఆయన అనువదించారు. కాబట్టి సాహిత్యం రుచి తెలియని అధికారి అని ఈయన్ని తీసిపారేయలేం. రుచి తెలిసిన మనిషే ఆ కుర్చీలో కూర్చున్నారు. ఆయన కథ మనసును కలచివేసేది అందుకే.

3. 'సోషలిస్టు రియలిజం'ను చైనాకు విడమరిచి చెప్పింది ఈయన వ్యాసం

1933 నవంబర్‌లో షాంఘై పత్రిక ఒకదానిలో ఆయన ఈ సిద్ధాంతాన్ని విడమరిచి పరిచయం చేశారు. మాస్కోలో సోవియట్ రచయితల తొలి మహాసభ జరిగి దాన్ని అధికారికంగా ఆమోదించింది 1934 ఆగస్టులో. అంటే అక్కడ ముద్ర పడటానికి తొమ్మిది నెలల ముందే ఇక్కడి పాతికేళ్ల కుర్రాడు దాన్ని పట్టుకున్నాడు. అప్పటికే ఆయన వామపక్ష రచయితల సంఘంలో పార్టీ బాధ్యుడు. 1930 మార్చి 2న షాంఘైలో పుట్టిన ఆ సంఘానికి పెద్ద దిక్కు లూ షున్. ఆయన మాత్రం పార్టీ సభ్యుడు కాడు.

4. ఓ కారు, నలుగురు మనుషులు, దశాబ్దాల పాటు ఆరని పగ

లూ షున్ 1936 ఆగస్టులో అచ్చువేసిన ఓ బహిరంగ లేఖలో ఈ దృశ్యం ఉంది. అంతకు రెండేళ్ల కిందట ఆయనతో మాట్లాడాలని కబురు వచ్చింది. వెళ్లి నిలబడితే ఓ కారు వచ్చి ఆగింది. పాశ్చాత్య దుస్తుల్లో ఠీవిగా నలుగురు దిగారు. వాళ్లలో చౌ యాంగ్ ఉన్నారు, నాటక రచయిత థియెన్ హాన్ ఉన్నారు. వాళ్లు ప్రత్యేకంగా చెప్పడానికి వచ్చిన సంగతి ఒక్కటే. లూ షున్ దగ్గర మసిలే యువ విమర్శకుడు హూ ఫెంగ్ ప్రభుత్వం పంపిన గూఢచారి అట. ఆధారం ఏమిటని పెద్దాయన అడిగారు. పోలీసులకు చిక్కి మాట మార్చిన ఓ మనిషి చెప్పాడన్నారు. అలాంటివాడి మాట పట్టుకుని నేను నమ్మాలా అని లూ షున్ తోసిపుచ్చారు.

ఆ లేఖతో 'నలుగురు మొనగాళ్లు' అన్న పేరు చౌ యాంగ్‌కు జీవితాంతం అంటుకుంది. లూ షున్ అనారోగ్యంతో మంచం పట్టి ఉండటంతో లేఖ ముసాయిదా రాసిపెట్టింది ఫెంగ్ షుయెఫెంగ్ అనే రచయిత. పార్టీ మనిషే, కానీ లూ షున్ పక్షాన నిలబడ్డవాడు. ఈ పేరు గుర్తుంచుకోండి. కథ మళ్లీ మళ్లీ ఈయన దగ్గరికే వస్తుంది.

5. షాంఘై తగవుకూ మన లక్నో సభకూ వేరు ఒకటే

ఫాసిజానికి ఎదురుగా అందరినీ కలుపుకుపోవాలని 1935లో కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ పిలుపునిచ్చింది. ఆ గాలికే 1936లో చైనాలో వామపక్ష రచయితల సంఘాన్ని రద్దు చేశారు. 'జాతీయ రక్షణ సాహిత్యం' అన్న నినాదం వెనక చౌ యాంగ్ నిలబడ్డారు. లూ షున్, హూ ఫెంగ్, ఫెంగ్ షుయెఫెంగ్ మరో నినాదం ఎత్తుకున్నారు. రెండు నినాదాల పోరు పత్రికలన్నిటా సాగింది.

అదే ఏడాది ఏప్రిల్‌లో, అదే గాలికి లక్నోలో అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. ప్రేమ్‌చంద్ అధ్యక్షత వహించారు. ఆ ఒరవడిలోనే 1943లో తెనాలిలో మన అరసం వచ్చింది. ఇంకో సంగతి. ప్రేమ్‌చంద్ 1936 అక్టోబర్ 8న కన్నుమూశారు, లూ షున్ అక్టోబర్ 19న. పదకొండు రోజుల తేడాతో రెండు దేశాలూ తమ పెద్ద కథకులను పోగొట్టుకున్నాయి.

6. లూ షున్‌తో తగవుపడ్డ మనిషే లూ షున్ పేరిట పెట్టిన కళాశాలను నడిపారు

1937లో చౌ యాంగ్ కమ్యూనిస్టుల కేంద్రమైన యెనాన్ చేరారు. అక్కడ 1938లో లూ షున్ కళా అకాడమీ మొదలైంది. మరుసటి ఏడాది ఊరి బయట ఉన్న ఓ క్యాథలిక్ చర్చిలోకి దాన్ని మార్చారు. కొద్దికాలానికే దాని పగ్గాలు చౌ యాంగ్ చేతికి వచ్చాయి. చైనా అంతటా మారుమోగిన 'పసుపు నది' బృందగానానికి 1939లో బాణీ కట్టింది ఈ అకాడమీ సంగీత ఉపాధ్యాయుడు షియెన్ షింగ్‌హాయ్. తొలిరోజుల్లో ఇక్కడ నాటకం నేర్పినవాళ్లలో చియాంగ్ చింగ్ అనే నటి కూడా ఉన్నారు. మావోను పెళ్లాడిన ఆవిడే పాతికేళ్లు దాటాక చౌ యాంగ్ పతనానికి నడుం కట్టారు.

అప్పటి చౌ యాంగ్ విద్యార్థులను విదేశీ మహారచయితలను చదవమనేవారు. చౌ లీబో చెప్పే టాల్‌స్టాయ్ పాఠాలంటే పిల్లలు చెవి కోసుకునేవారు. 1942లో మావో ఉపన్యాసాల తర్వాత ఇదంతా జనానికి దూరమైన చదువు అని చౌ యాంగ్ స్వయంగా ఆత్మవిమర్శ చేసుకోవలసి వచ్చింది.

7. యెనాన్ ఉపన్యాసాలకు భాష్యకారుడు ఈయనే

1942 మేలో మావో చేసిన ఉపన్యాసాలు అచ్చులోకి వచ్చింది 1943 అక్టోబర్ 19న, లూ షున్ వర్ధంతి రోజున. సాహిత్యం ఎవరి కోసం అన్న ప్రశ్నకు పార్టీ ఇచ్చిన జవాబు అది. 1970లో విప్లవ రచయితల సంఘం (విరసం) ఏర్పడ్డాక మన విప్లవ సాహిత్య చర్చల్లోనూ ఈ ఉపన్యాసాల ప్రస్తావన తరచూ వినిపించింది. 1944లో చౌ యాంగ్ 'మార్క్సిజం, సాహిత్యం, కళ' అనే సంకలనం కూర్చారు. మార్క్స్, ఎంగెల్స్, లెనిన్, గోర్కీ, లూ షున్‌ల పక్కన మావోను కూడా చేర్చారు. సాహిత్య సిద్ధాంతంలో మావోకు పీట వేసిన తొలి పుస్తకాల్లో అదొకటి. దాని ముందుమాట గురించి మావో ఆయనకు ఉత్తరం కూడా రాశారు.

8. రైతు యాసలో రాసిన కథకుణ్ణి గద్దెనెక్కించింది ఈయన వ్యాసమే

చావో షూలీ షాన్షీ పల్లెల్లో పెరిగినవాడు. పల్లె జనం మాట్లాడే మాటల్లో, సంతలో కథ చెప్పినట్టు రాసేవాడు. 1946లో చౌ యాంగ్ ఆయన రచనల మీద పెద్ద వ్యాసం రాసి, ఇదిగో కొత్త సాహిత్యం అని దేశానికి చూపించారు. అంతకుముందే, చౌ యాంగ్ అకాడమీలో ఉత్తర చైనా జానపద గాథ నుంచి తీర్చిదిద్దిన 'తెల్లజుట్టు పిల్ల' సంగీత నాటకాన్ని 1945లో పార్టీ ఏడో మహాసభ సందర్భంగా ప్రదర్శించారు. ఆడపిల్లను చెరిచి కొండల పాలు చేసిన భూస్వామికి ముందు రాసిన ప్రతిలో మరణశిక్ష లేదు. ప్రదర్శన చూసిన పార్టీ నాయకత్వం వాణ్ణి కాల్చిచంపాల్సిందేనని కబురు పంపింది, ముగింపు మారింది. కథ ముగింపు కూడా పార్టీ నిర్ణయమయ్యే రోజులు వచ్చాయని అప్పుడే తెలిసిపోయింది.

మెచ్చుకోలు శాశ్వతం కాదనడానికి చావో షూలీయే సాక్ష్యం. సాంస్కృతిక విప్లవంలో చిత్రహింసల పాలై ఆయన 1970లో కన్నుమూశారు.

9. మూడు లక్షల అక్షరాల నివేదికకు బదులుగా చెరసాల దొరికింది

1949 తర్వాత చౌ యాంగ్ సాంస్కృతిక శాఖ ఉపమంత్రి, పార్టీ ప్రచార విభాగం ఉపాధ్యక్షుడు. 1930లలో ఆయనకూ హూ ఫెంగ్‌కూ మధ్య నడిచింది కథల్లో పాత్ర ఎలా ఉండాలన్న సాహిత్య చర్చ. ఇప్పుడు ఒకరి చేతికి అధికారం వచ్చింది, ఇంకొకరి చేతిలో కలమే మిగిలింది. రచయితను ఊపిరాడనివ్వడం లేదని 1954 జూలైలో హూ ఫెంగ్ పార్టీ కేంద్రానికి సుమారు మూడు లక్షల అక్షరాల నివేదిక ఇచ్చారు. డిసెంబర్‌లో చౌ యాంగ్ ఆయన మీద యుద్ధం ప్రకటిస్తూ ప్రసంగించారు. తర్వాతి మే నెలలో పాత మిత్రుడొకరు అప్పగించిన హూ ఫెంగ్ సొంత ఉత్తరాలను 'పీపుల్స్ డైలీ'లో సాక్ష్యంగా అచ్చువేశారు. అచ్చువేయించింది మావో.

హూ ఫెంగ్‌ను అరెస్టు చేశారు. తర్వాత కాలంలో ప్రభుత్వమే జరిపిన పునర్విచారణ లెక్క ప్రకారం ఈ కేసు 2,100 మందికి పైగా తగిలింది. 92 మంది అరెస్టయ్యారు. 78 మందికి ముఠా సభ్యులన్న ముద్ర పడింది. మధ్యలో కొద్దికాలం తప్ప హూ ఫెంగ్ 1979 దాకా నిర్బంధంలోనే ఉన్నారు. స్నేహితుడికి మనసు విప్పి రాసుకున్న ఉత్తరం నేరపత్రంగా మారితే ఇక ఆ దేశంలో ఉత్తరం రాయడానికి ఎవరి చెయ్యి ఆడుతుంది?

10. ఓ ఫుట్‌నోట్ మనిషిని కూల్చింది

1957లో రచయిత్రి డింగ్ లింగ్ వంతు వచ్చింది. ఆమె భర్త హూ యెపిన్‌ను 1931లో చియాంగ్ కై షేక్ ప్రభుత్వం కాల్చిచంపింది. ఆమె నవలకు స్టాలిన్ బహుమతి వచ్చింది. అయినా 'రైటిస్టు' ముద్ర వేసి, ఈశాన్యాన మంచు బీళ్లలో పనికి పంపారు. ఫెంగ్ షుయెఫెంగ్‌నూ వదల్లేదు. అప్పుడాయన లూ షున్ సంపూర్ణ రచనల ప్రచురణ చూస్తున్నారు.

1958లో వచ్చిన ఆరో సంపుటంలో, నలుగురు మనుషులు కారు దిగిన ఆ లేఖ కింద చిన్న అక్షరాల్లో ఓ ఫుట్‌నోట్ వెలిసింది. లేఖ రాసింది నిజానికి ఫెంగ్ అనీ, ముఠాతత్వంతో రాశాడనీ, జబ్బుతో ఉన్న లూ షున్ నిజానిజాలు చూసుకోలేకపోయారనీ దాని సారాంశం. ఆ ఫుట్‌నోట్ ముసాయిదాను ఫెంగ్ చేతే రాయించారు. తన ప్రియ గురువు మాటకు తానే మసి పూయవలసి వచ్చింది. అయినా పార్టీలో చోటు నిలవలేదు, బహిష్కరించారు.

11. మూడు వందల పాటల పుస్తకం, దాని వెనక ఆకలి

1958లో దేశమంతా కవులు కావాలన్నారు. పొలాల్లో, ఫ్యాక్టరీల్లో జనం కట్టిన పాటలను కుప్పలు కుప్పలుగా సేకరించారు. వాటిలోంచి 300 ఏరి చౌ యాంగ్, ప్రఖ్యాత కవి గువో మోరువో కలిసి 'ఎర్రజెండా పాటలు' పేరుతో 1959లో తెచ్చారు. పంట ఆకాశాన్నంటిందని పాడిన కాలంలోనే చరిత్రలో అతి పెద్ద కరువుల్లో ఒకటి పల్లెలను చుట్టుముట్టింది. ఆ తర్వాత చౌ యాంగ్ కొంత మెత్తబడ్డారు. 1961, 62లలో విశ్వవిద్యాలయ పాఠ్యపుస్తకాల పని నెత్తిన వేసుకుని, పాత పండితులను పిలిచి రాయించారు. రచయితలకు కాస్త ఊపిరినిచ్చే ఎనిమిది సూత్రాలకు అండగా నిలబడ్డారు. ఆ మెతకదనమే తర్వాత నేరమైంది.

12. ఆ ఫుట్‌నోటే తిరిగి ఆయన మెడకు చుట్టుకుంది

1966లో సాంస్కృతిక విప్లవం మొదలయ్యింది. అంతకుముందు పదిహేడేళ్లూ సాహిత్యాన్ని ఓ 'నల్ల పంథా' ఏలిందని చియాంగ్ చింగ్ వర్గం ప్రకటించింది. పార్టీ సిద్ధాంత పత్రిక 'ఎర్రజెండా' ఆ ఏడాది ఒక్క ఫుట్‌నోట్ మీదే ఓ వ్యాసం అచ్చువేసింది. లూ షున్ ఆరో సంపుటంలో చిన్న అక్షరాల్లో ఉన్న అదే ఫుట్‌నోట్. చౌ యాంగ్ చరిత్రను తలకిందులు చేశారని అభియోగం. 1967 జనవరిలో చియాంగ్ చింగ్ వర్గానికే చెందిన యావో వెన్‌యువాన్ ఆయన్ని రెండు నాల్కల విప్లవద్రోహి అంటూ దీర్ఘ వ్యాసంతో కొట్టారు. హూ ఫెంగ్ మీద చౌ యాంగ్ వర్గం వాడిన మాటలు, రాసిన పద్ధతి, వెతికిన లొసుగులు అన్నీ ఇప్పుడు ఆయన వైపు తిరిగాయి. బీజింగ్ దగ్గరి చిన్‌చెంగ్ జైల్లో సుమారు తొమ్మిదేళ్లు గడిచాయి. 1975 జూలైలో విడుదలయ్యారు.

13. బయటికి వచ్చాక వెతుక్కుంటూ వెళ్లింది ఫెంగ్ దగ్గరికే

ఫెంగ్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్. 1975 చివర్లో చౌ యాంగ్ ఆయన్ని చూడబోయారు. నలభై ఏళ్ల వైరం ఉన్న ఇద్దరు ముసలివాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఫెంగ్‌ను తిరిగి పార్టీలో చేర్చుకోమని చౌ యాంగ్ మావోకు రాశారు. ఫెంగ్ ఈ కలయిక మీద ఓ చిన్న నీతికథ రాశారు, పక్షులు పాత్రలుగా. ఆయన రాసిన చివరి కథ అదే. 1976 జనవరి 31న కన్నుమూశారు. పోయిన పార్టీ సభ్యత్వం 1979లో తిరిగి వచ్చింది, మనిషి వెళ్లిపోయాక.

14. మూడు వేల మంది ముందు తప్పు ఒప్పుకున్నారు

1979 అక్టోబర్ 30న రచయితలు, కళాకారుల నాలుగో మహాసభ బీజింగ్‌లో మొదలైంది. మూడు వేల మందికి పైగా వచ్చారు. ఇరవై ఏళ్లు బీళ్లలో మట్టి పిసికి వచ్చినవాళ్లు, జైళ్ల నుంచి వచ్చినవాళ్లు, చేతికర్ర ఆసరాతో వచ్చినవాళ్లు. వాళ్లలో చాలామంది పేర్లు ఒకప్పుడు చౌ యాంగ్ నివేదికల్లోకి ఎక్కినవే. వేదిక మీద ఆయన తన తప్పులకు క్షమాపణ చెప్పారు. కళ్లనీళ్లు ఆగలేదు. కొందరు చప్పట్లు కొట్టారు. డింగ్ లింగ్ లాంటి కొందరి మనసు కరగలేదు. కరగాలని అడిగే హక్కు మనకెవరికీ లేదు. పోయిన ఇరవై ఏళ్లూ వాళ్లవి.

అయినా ఒక్క మాట చెప్పాలి. పైవాళ్ల ఆజ్ఞ పాటించానని తప్పించుకునే దారి ఆయనకు ఉంది. తానే జైలుపాలయ్యానని సానుభూతి అడిగే దారీ ఉంది. ఆ రెండూ వదిలేసి బాధితుల ఎదుట నిలబడటం చిన్న విషయం కాదు.

15. చివరి పెద్ద ప్రసంగం రాయడానికి సాయపడింది ఒకనాటి బాధితుడు

మార్క్స్ మరణించి నూరేళ్లయిన సందర్భంగా 1983 మార్చి 7న చౌ యాంగ్ కేంద్ర పార్టీ పాఠశాలలో మాట్లాడారు. మార్క్సిజానికి కేంద్రం మనిషి అనీ, సోషలిజంలోనూ మనిషి తాను కట్టిన వ్యవస్థకే పరాయివాడయ్యే ప్రమాదం ఉందనీ చెప్పారు. ఆ ప్రసంగం సిద్ధం చేసినవాళ్లలో వాంగ్ యువాన్‌హువా ఒకరు. 1955లో హూ ఫెంగ్ కేసులో చిక్కి నలిగిపోయిన మనిషి ఆయన. ఒకప్పుడు ఆ కేసుకు డప్పు కొట్టిన చేయీ, ఆ కేసులో దెబ్బ తిన్న చేయీ కలిసి ఒకే కాగితం మీద రాశాయి. ప్రసంగం 'పీపుల్స్ డైలీ'లో రాగానే పైనుంచి కన్నెర్ర అయింది. నవంబర్‌లో ఆయన చేత బహిరంగంగా ఆత్మవిమర్శ చేయించారు. అప్పటికి డెబ్బై ఐదేళ్లు. 1984లో ఆస్పత్రి మంచం ఎక్కి, మాట పోగొట్టుకుని, 1989 జూలై 31న కన్నుమూశారు. మంచంలో ఉండగానే 1984 చివర రచయితల మహాసభ జరిగింది. వందలమంది సంతకాలు చేసి ఆయనకు ఉత్తరం పంపారు.

16. ఆ ఫుట్‌నోట్ ఇప్పుడు ఎలా ఉంది?

1981లో లూ షున్ సంపూర్ణ రచనలు 16 సంపుటాలుగా కొత్తగా వచ్చాయి. నలుగురు కారు దిగిన ఆ లేఖ కింద ఫుట్‌నోట్‌ను మార్చి రాశారు. లూ షున్ జబ్బుతో ఉండగా ఆయన అభిప్రాయాల ప్రకారం ఫెంగ్ ముసాయిదా రాశారనీ, లూ షున్ దానికి మార్పులు చేర్పులు చేసి పూర్తి చేశారనీ ఇప్పుడు అక్కడ ఉంది. ముఠా అన్న మాట లేదు, నింద లేదు. రెండే రెండు వాక్యాలంత నిజం. అది అచ్చులోకి రావడానికి ఇరవై మూడేళ్లు పట్టింది. అప్పటికి ఫెంగ్ పోయి ఐదేళ్లు. చౌ యాంగ్ మాత్రం చదవడానికి బతికే ఉన్నారు.